బీజము, క్షేత్రము, బిడ్డ
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రామ లెక్కలు వ్రాసికొను నాకు ఈ గ్రంథాలయపు బల్లయే కళాశాల. బీజక్షేత్ర చర్చ మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున చదివితిని. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయిన బి.పి.టి. 5204 వరిని గూర్చి మన రైతు గడియసేపు చెప్పగలడు. ఇంత తెలిసియు, బుద్ధి యెదగని బిడ్డ పుట్టినచో తల్లి పాపమందుము.

మా బంధువులలో ఒక మేనరికపు జంటకు అట్టి బిడ్డ కలిగెను. తల్లిని నిందించినవారిలో నేనును ఒకడను.

తరువాత చదివితిని. జర్మను యువవైద్యుడు హోర్స్ట్ బికెల్ ఇంగ్లండున బర్మింగ్‌హాంలో పనిచేయుచుండగా, ఒక తల్లి తన బిడ్డకు చికిత్స చేయుమని విడువక వేధించెనట. ఆ వ్యాధి ఫినైల్‌కీటోనూరియా. అప్పటికి చికిత్స లేదు. ఆయన సహచరులతో గూడి, ఆ దేహమునకు సరిపడని ఫినైల్‌ఎలనిన్‌ను తగ్గించిన ఆహారమిచ్చెను. బిడ్డ ప్రాకెను, నిలువబడెను! 1953లో ఆ వృత్తాంతము ప్రకటితమయ్యెను.

ఇట్టి వ్యాధిలో జన్యుదోషము తల్లిదండ్రు లిరువురియందును గూఢముగా నుండును. ప్రతి కాన్పునను నాలుగింట నొక వంతు భయము. రక్తసంబంధు లిరువురియందును ఒకే దోషముండు అవకాశము హెచ్చు. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావుగారు మీరాఖానుగారితో కలిసి ఆంధ్రదేశపు రక్తసంబంధ వివాహములపై 1963లో పరిశోధన ప్రకటించిరి. అప్పటికి ఆయనకు ఇరువదియారేండ్లే. పిమ్మట అమెరికాలో స్థిరపడిరి. నేడు విదేశములలో ఈ శాస్త్రము చదువు మన పిల్లలు తెలుగున నొక చిన్న పుస్తకము వ్రాసి మన బీరువాకు పంపరాదా?

మా బిడ్డది అదే వ్యాధి యని నేననను. అయినను ఆ తల్లికి ఇదంతయు చెప్పితిని. "బాబాయ్, ఈ మాట మా అత్తయ్యతో చెప్పు" అనెను. వెళ్లి చెప్పితిని. ఆ పెద్దావిడ చాలసేపు మాటలాడలేదు.