ఫీజు కట్టిన చేతులు దారి కూడా చూపాలి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మీరిచ్చే సొమ్ముతో మన పోలవరం పిల్లలు కొవ్వూరు, జంగారెడ్డిగూడెం, గోదావరి దాటి రాజమండ్రి వెళ్ళి చదువుకుంటున్నారు. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చాక పెద్ద చదువు మనకు దగ్గరైంది. కానీ చదివాక ఏం చేయాలో చెప్పేవారు చాలా ఇళ్ళలో లేరు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లవాడు ఎవరిని అడుగుతాడు? చేతిలోని ఫోన్‌నే అడుగుతాడు. అందుకే ఆ ఫోన్ ఏం చెబుతోందో మనం పట్టించుకోవాలి.

2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. పట్నంలో పరిచయాలున్న కుటుంబానికి అది తేలిక. మన పిల్లలకు ఆ పరిచయం లింక్డ్‌ఇన్‌లో దొరకవచ్చు. అయితే అక్కడ "కష్టపడి పనిచేస్తాను" అని రాస్తే ఎవరూ చూడరు. ఏ గ్రామంలో సర్వే చేశారు, ఏ లెక్కలు కట్టారు, ఏం నేర్చుకున్నారు అన్నది రాయాలి. తెలుగు, ఉర్దూ, హిందీ మూడూ వచ్చిన పిల్లలు మనలో ఎందరో ఉన్నారు. అదీ ఒక అర్హతే, రాసుకోవాలి. కేంద్రం 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లోనూ పేరు నమోదు చేసుకోవాలి. దానికి రుసుము లేదు.

ఇదే ఫోన్‌లో ఉచ్చులూ ఉన్నాయి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన రాష్ట్ర యువకులను కంబోడియాకు పంపి, అక్కడ వారిచేత సైబర్ మోసాలు చేయించిన వైనాన్ని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. గల్ఫ్‌కు వెళ్ళే అలవాటున్న జిల్లాలు మనవి. కాబట్టి విదేశీ ఉద్యోగమంటే ముందుగా ఆ ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడాలి. ఉద్యోగం ఇస్తామంటూ ముందే డబ్బు అడిగితే అక్కడే ఆగాలి. మోసపోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఆడపిల్లల నంబరు పదిమందికీ తెలుస్తుందన్న భయంతో కొందరు తల్లిదండ్రులు గ్రూపుల్లో చేరనివ్వడం లేదు. ఆ భయం న్యాయమైనదే. వాట్సాప్ ఛానెల్ పెడితే చేరినవారి నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు. భయం పోతుంది, సమాచారమూ అందుతుంది.

దాతలకు నాదొక మనవి. మీలో ఇంజనీర్లు, అకౌంటెంట్లు, వ్యాపారులు, విదేశాల్లో పనిచేసి వచ్చినవారు ఉన్నారు. మీ పని ఏమిటి, అందులోకి ఎలా వచ్చారు, మొదటి జీతం ఎంత అన్నది ఐదు నిమిషాల్లో తెలుగులో చెప్పి రికార్డు చేసి ఇవ్వండి. ప్రతి ప్రకటననూ అసలు వెబ్‌సైట్‌లో సరిచూసి ఛానెల్‌లో పెట్టే బాధ్యత ఇద్దరు ఉపాధ్యాయులం తీసుకుంటాం. మీరు నెలకొక గంట ఇస్తే, మీరు కట్టిన ఫీజు ఒక కుటుంబానికి జీతంగా మారుతుంది.