ఇల్లు అందరూ చూశారు, లోపం ఎవరికీ కనపడలేదు! కొనే ముందు చేయించే చెకింగ్‌లో ఏం మిస్సవుతోంది?

ఇవాళ్టి ఎపిసోడ్ ఇల్లు కొనేవాళ్ళ గురించి. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు... మన వైపు ఎక్కడైనా సరే, కట్టేసిన ఇల్లు గానీ ఫ్లాట్ గానీ కొందామనుకునే వాళ్ళ గురించి.

"మాకింకా జాబే రాలేదు, ఇల్లెక్కడ కొంటాం" అని స్కిప్ చేసేయకండి. ఇంట్లో నాన్నగారో అన్నయ్యో కొంటుంటే ఫోన్ పట్టుకుని వీడియో తీసేది మీరే. కాగితాలు స్కాన్ చేసి లాయర్ గారికి పంపేది మీరే. రేపు లోన్‌లో కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టేదీ మీరే కావచ్చు. కాబట్టి వినండి.

కొన్నాక బాధపడే వాళ్ళ మాట దాదాపు ఒకేలా ఉంటుంది. "అన్నీ చెక్ చేయించాకే కొన్నామండి. అయినా మొదటి వానకే గోడ చెమ్మెక్కింది. బాత్రూమ్ కింద పెచ్చు ఊడిపోయింది. హాల్లో టైల్స్ పైకి లేచాయి." ఇక్కడ ఒక్క ప్రశ్న వేసుకుందాం. అన్నీ చెక్ చేయించాం అన్నారు కదా, మరి ఎవరు, ఏం చెక్ చేశారు?

ఒక్కొక్కరినీ చూద్దాం.

మొదట లాయర్ గారు. ఆయన లింకు డాక్యుమెంట్లు చూస్తారు, ఈసీ చూస్తారు, లీగల్ ఒపీనియన్ ఇస్తారు. అంటే స్థలం ఎవరిది, దాని మీద అప్పుందా లేదా అని. స్లాబ్ సంగతి ఆయనకి సంబంధం లేదు.

రెండు, బ్యాంకు పంపిన ఇంజనీరు. చాలామంది ఇక్కడే ధైర్యంగా ఉంటారు. "బ్యాంకు వాళ్ళే లోన్ ఇచ్చారంటే ఇల్లు బాగున్నట్టే కదా?" అంటారు. కాదండి. ఆయన వచ్చేది వాల్యుయేషన్‌కి. ఇల్లు ఎంత చేస్తుంది, రేపు మీరు ఈఎంఐ కట్టకపోతే అమ్మితే ఎంత వస్తుంది అనేది బ్యాంకుకి చెప్పడానికి. ఖర్చు మీ దగ్గర వసూలు చేసినా, ఆ రిపోర్టు బ్యాంకు కోసం రాసింది.

మూడు, మున్సిపాలిటీ. ప్లాన్ అప్రూవల్, పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. ఇవి ఉండి తీరాలి, లేకపోతే అసలు ముందుకి వెళ్ళకండి. కానీ మీ బెడ్రూమ్ గోడకి వాడిన ఇసక ఏంటో, పిల్లర్లని ఎన్నాళ్ళు తడిపారో ఆ కాగితం చెప్పదు.

నాలుగు, వాస్తు సిద్ధాంతి గారు. నమ్మకం ఎవరిష్టం వాళ్ళది, నేనేం అనను. కానీ చాలా ఇళ్ళల్లో కాగితాలు కాకుండా ఇంటినే గదిగదీ తిరిగి చూసింది ఆయన ఒక్కరే! అదీ దిక్కులు చూడటానికి.

చూశారా? నలుగురు వచ్చారు, నలుగురికీ డబ్బులిచ్చాం. ఇల్లు గట్టిదా కాదా అని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒకళ్ళు చూసుంటారని ఇంకొకళ్ళు అనుకున్నారు, అంతే.

సరే, కొంతమంది జాగ్రత్తపరులు సొంతంగా సివిల్ ఇంజనీరుని తీసుకెళ్తున్నారు. పెద్ద సిటీల్లో అయితే హోమ్ ఇన్‌స్పెక్షన్ అనే పేరుతో సర్వీసులే ఉన్నాయి. మరి వాళ్ళు చూశాక కూడా లోపాలు ఎందుకు బయటపడుతున్నాయి? మన ప్రాంతానికి సంబంధించినంత వరకు నాకు మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది కాలం. మనవాళ్ళు ఇళ్ళు ఎక్కువ చూసేది వేసవిలో. పిల్లలకి సెలవులు, ముహూర్తాలు, బయట ఉన్న బంధువులు ఊళ్ళో ఉంటారు. కానీ డెల్టాలో వేసవి అంటే కాలవలు కట్టేసే టైమ్. కాలవల్లో నీళ్ళుండవు, చేలు ఎండి ఉంటాయి, భూమిలో నీరు కిందకి దిగుతుంది. అప్పుడు ఏ గోడ చూసినా పొడిగానే ఉంటుంది. జూన్‌లో కాలవలకి నీళ్ళు వదులుతారు, వానలు మొదలవుతాయి, చుట్టూ ఊడ్పులు అవుతాయి. నేలలో తేమ పెరిగి పునాదిలోంచి గోడలోకి పాకుతుంది. మే నెలలో చూసిన ఇంజనీరు అబద్ధం చెప్పలేదు, ఆయన చూసిన రోజు చెమ్మ లేదు.

అందుకే నా సలహా, ఆషాఢంలో చూడండి. ముహూర్తాలు ఉండవు కాబట్టి గృహప్రవేశాల హడావిడి ఉండదు, బ్రోకరు గారికీ తీరికే. వానలు పడుతుంటాయి కాబట్టి ఇల్లు తన నిజం తనే చెబుతుంది. ఆషాఢంలో చూసి శ్రావణంలో రిజిస్ట్రేషన్ పెట్టుకోండి.

రెండోది నేల. రాజమండ్రిలో ఎత్తు మీద గట్టి నేల ఉన్న పేటలు వేరు, ధవళేశ్వరం దాటి దిగాక డెల్టా వేరు. అక్కడ ఒండ్రు మట్టి, చాలాచోట్ల నల్ల బంకమట్టి. నల్లరేగడి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి పగుళ్ళిస్తుంది. పునాది దానికి తగ్గట్టు వేయకపోతే ఇల్లు ఒక పక్క కొంచెం దిగుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు వస్తాయి. దీనికి తోడు నిన్నటి వరకు వరి చేనో, చెరువో అయినదాన్ని గ్రావెల్ తోలి లేఅవుట్ చేస్తారు. పైన చూస్తే అన్ని ప్లాట్లూ ఒక్కలాగే ఉంటాయి. కింద ఏముందో నడుచుకుంటూ చూసే ఇంజనీరుకి కనపడదు. దానికి సాయిల్ టెస్ట్ రిపోర్టు చూడాలి, చుట్టుపక్కల పెద్దవాళ్ళని అడగాలి. "ఇక్కడ ఇదివరకు ఏముండేదండి? 86 వరదకి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి? 2022 జులైలో?" టీ కొట్టు దగ్గర ఈ మూడు ప్రశ్నలు అడిగితే, ఏ రిపోర్టులోనూ లేని సంగతులు తెలుస్తాయి.

మూడోది ఉప్పు. ఇది జాగ్రత్తగా వినండి. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. నరసాపురం, భీమవరం, కోనసీమ తీరం వైపు రొయ్యల చెరువులు కూడా ఉన్నాయి. రొయ్యల రైతుకి సెలైనిటీ అంటే ఏంటో ఎవరూ నేర్పక్కర్లేదు, రోజూ కొలుస్తాడు. అదే రైతు ఇల్లు కట్టుకునేటప్పుడు మేస్త్రి ఏ నీళ్ళతో కాంక్రీటు కలుపుతున్నాడో కొలవడు! మన దేశంలో కాంక్రీటుకి ఉన్న ప్రమాణం ఐఎస్ 456. ఇనప చువ్వలు ఉండే కాంక్రీటుకి వాడే నీళ్ళల్లో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదని అందులో ఉంది. మించితే ఏమవుతుంది? లోపల చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి, పైనున్న కాంక్రీటుని పెచ్చులు పెచ్చులుగా నెట్టేస్తుంది. ఇది ఏళ్ళ తరబడి లోపల జరిగే పని. బయట పుట్టీ, పెయింట్ మెరుస్తూనే ఉంటాయి.

ఇది ఎంత దూరం వెళ్ళగలదో చెప్పడానికి గురుగ్రామ్ చాలు. 2022 ఫిబ్రవరిలో అక్కడ చింటెల్స్ పారడైసో అనే అపార్ట్‌మెంట్లలో, జనం కాపురం ఉంటున్న టవర్‌లో, ఆరో అంతస్తు నుంచి కింద వరకు స్లాబులు ఒకదాని మీద ఒకటి కూలిపోయాయి. ఇద్దరు మహిళలు చనిపోయారు. తర్వాత ఐఐటీ ఢిల్లీ వాళ్ళు పరీక్షించి, కాంక్రీటులో క్లోరైడ్లు ఉన్నాయని, చువ్వలు తుప్పు పట్టాయని తేల్చారు. అక్కడ సముద్రమే లేదు! అది లగ్జరీ ప్రాజెక్టు కూడా. కొన్నవాళ్ళకి లాయర్లూ, బ్యాంకులూ లేకనా? ఉన్నారు. కళ్ళతో చూసే చెకింగ్‌కి దొరకని లోపం అది.

"మరి అమెరికాలో అయితే?" అని అడుగుతారు. డాలస్‌లో ఉన్న మన గోదావరి అబ్బాయిలు అక్కడ ఇల్లు కొంటే లైసెన్సు ఉన్న ఇన్‌స్పెక్టర్ వస్తాడు, ఫోటోలతో పెద్ద రిపోర్టు ఇస్తాడు. టెక్సస్‌లో ఆ లైసెన్సు ఇచ్చేది ఆ రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్. అయినా అక్కడా కంప్లైంట్లు ఉన్నాయి. ఎందుకంటే అదీ కంటికి కనిపించేది చూసే తనిఖీయే, గోడ పగలగొట్టి చూడరు. పైగా లోపం మిస్సయితే తమ బాధ్యత తీసుకున్న ఫీజు వరకే అని చాలామంది ఒప్పందంలో రాయించుకుంటారు. కానీ ఒక తేడా ఉంది. అక్కడ ఎవరు ఏం చూశారు, ఏం చూడలేదు అనేది కాగితం మీద ఉంటుంది. మన దగ్గర ఇంజనీరు గారు ఇరవై నిమిషాలు తిరిగి, కాఫీ తాగి, "బానే ఉందండి, తీసుకోండి" అంటారు. ఆ మాటకి రేపు సాక్ష్యం ఏది?

అదే అబ్బాయి ఊళ్ళో అమ్మానాన్నలకి ఫ్లాట్ కొనేటప్పుడు వాట్సాప్ వీడియో కాల్‌లో చూసి అడ్వాన్సు పంపేస్తాడు. ఇది మాత్రం ఆలోచించుకోవాలి.

సరే, ఇప్పుడు ఏం చేయాలి?

ఇంజనీరుని మీరే వెతుక్కోండి. బ్రోకరు చెప్పినవాళ్ళు, బిల్డర్ చెప్పినవాళ్ళు వద్దు. వచ్చే ముందే ఏమేం చూస్తారో మెసేజ్‌లో రాయించుకోండి. చూశాక రిపోర్టు సంతకంతో అడగండి. ఫీజు ఫోన్‌పేలోనే పంపండి, రికార్డు ఉంటుంది.

ఏం చూడమనాలంటే:

డాబా మీద నీళ్ళు కట్టి ఒక రోజు ఉంచి, కింద స్లాబ్ చూడాలి. బాత్రూముల్లో కూడా అంతే, కింది ఫ్లాట్ వాళ్ళ సీలింగ్ చూడనివ్వమని అడగాలి.

గోడల అడుగు భాగం చూడాలి. తెల్లగా పొడిలా ఉప్పు పొంగుతుంటే, పెయింట్ బుడగలు వస్తుంటే అది చెమ్మే. ఇల్లంతా పాత పెయింట్ ఉండి ఒక్క గోడకే కొత్తగా వేశారంటే ఎందుకో అడగాలి.

పగుళ్ళన్నీ ఒకటి కాదు. ప్లాస్టింగ్‌లో వెంట్రుకలాంటి గీతలు మామూలే. రూపాయి బిళ్ళ దూరేంత పగులు, ఏటవాలు పగులు, పిల్లర్ మీద నిలువు పగులు... వీటికి స్ట్రక్చరల్ ఇంజనీరే కావాలి.

పాత ఇల్లయితే, తీరం వైపు అయితే, కాంక్రీటులో క్లోరైడ్ టెస్టు చేయించడం కుదురుతుందా అని అడగండి. లక్షలు పెట్టేటప్పుడు ఆ ఖర్చు పెద్దది కాదు.

రోడ్డు ఎత్తు, ఇంటి గచ్చు ఎత్తు చూడండి. మన ఊళ్ళల్లో సిమెంటు రోడ్డు మీదే మళ్ళీ రోడ్డు వేస్తారు. పదేళ్ళల్లో ఇల్లు పల్లంలో పడిపోతుంది.

ఇక చట్టం. ఇది చాలామందికి తెలీదు, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

2016 రెరా చట్టం, సెక్షన్ 14, సబ్ సెక్షన్ 3. ఇల్లు మీ చేతికి ఇచ్చిన రోజు నుంచి 5 ఏళ్ళలోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ లోపం కనపడి మీరు బిల్డర్‌కి తెలియజేస్తే, పైసా తీసుకోకుండా 30 రోజుల్లో బాగు చేయాలి. చేయకపోతే నష్టపరిహారం అడగొచ్చు. గమనించండి, "కొనే ముందు మీరు చూసుకోవాలి కదా" అనే మాట ఇక్కడ పనికిరాదు. కాబట్టి లోపం కనిపించిన రోజే ఫోటో, తేదీ, రాతపూర్వకంగా నోటీసు. ఫోన్‌లో తిట్టుకుంటే లెక్కలోకి రాదు.

అయితే ఒక చిక్కుంది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు మించకపోయినా, లేదా ఫ్లాట్లు 8 మించకపోయినా ప్రాజెక్టుకి రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన టౌన్లలో 300 గజాల్లో అంతస్తుకి ఒక ఫ్లాట్ వేసే అపార్ట్‌మెంట్లు చాలావరకు ఇందులోకే వస్తాయి. అందుకని అడ్వాన్సు ఇచ్చే ముందే ఏపీ రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ 5 ఏళ్ళ బాధ్యతని సేల్ అగ్రిమెంట్‌లోనే రాయించండి. రాయనంటే, ఆయన పనిమీద ఆయనకే నమ్మకం లేదన్నమాట.

వినియోగదారుల కమిషన్ కూడా ఉంది. రెరా ఉన్నా అక్కడికి వెళ్ళొచ్చని 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సమస్య మొదలైన 2 ఏళ్ళలోపు వేయాలి. డబ్బు తీసుకుని సరిగా చూడని ఇంజనీరు మీద కూడా సేవాలోపం కింద వెళ్ళొచ్చు. కానీ దానికి రసీదు, రిపోర్టు కావాలి. అందుకే ఇందాక అంతగా చెప్పాను. ముందు సలహా కావాలంటే జాతీయ హెల్ప్‌లైన్ 1915.

మరి సెకండ్ హ్యాండ్ ఇల్లు? అక్కడ బిల్డర్ ఉండడు, అమ్మేవాళ్ళు ఉంటారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, తనకి తెలిసి, కొనేవాళ్ళకి తెలియని, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపాన్ని అమ్మేవాళ్ళు చెప్పి తీరాలి. మామూలు జాగ్రత్తతో కనపడేది అయితే మాత్రం అది మీ బాధ్యతే. కాబట్టి అడగండి, మొహమాటపడకండి. "చెమ్మ ఉందా? వరద వచ్చిందా? స్లాబ్ రిపేరు చేయించారా?" అని వాట్సాప్‌లో అడగండి. జవాబు రాతలో ఉంటే, రేపు అదే మీ ఆధారం.

మన దగ్గర పెళ్ళి సంబంధానికి ఏడు తరాలు ఆరా తీస్తాం. పాతికేళ్ళు ఈఎంఐ కట్టే ఇంటికి ఒక వానాకాలం ఆగలేమా? మీ ఇంట్లో ఎవరైనా ఇల్లు చూస్తుంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి ముందు పంపండి, అడ్వాన్సు తర్వాత పంపొచ్చు. మీ ఊళ్ళో ఏ పేటలో చెమ్మ ఎక్కువో, ఏ వైపు నీళ్ళు ఉప్పగా ఉంటాయో కామెంట్‌లో రాయండి, కొనేవాళ్ళకి పనికొస్తుంది. ఉంటానండి, నమస్తే.