స్టెరాయిడ్ మాత్రతో పన్నెండేళ్ళ కాపురం
(జిల్లా శాఖ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగితే, నేను డాక్టరును కాను, తాలూకా ఆఫీసులోనూ ఆ తర్వాత మండలాఫీసులోనూ గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, నాకేం తెలుసునన్నాను. "మీ జబ్బు సంగతి మీకంటే ఎవరికి తెలుసండీ?" అన్నారాయన. అందుకని నా సంగతే చెబుతాను.

2009లో రిటైరయ్యాను. 2013లో రెండు చేతుల వేళ్ళ కణుపులూ వాచిపోయి, తెల్లవారి లేస్తే చొక్కా బొత్తాం పెట్టుకోలేని స్థితి వచ్చింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. మనవాళ్ళు కీళ్ళవాతమంటారే, అదే. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రాశారు. మూడో రోజుకల్లా బ్యాంకులో నా సంతకం నేనే పెట్టాను. ఆ ఆనందం చెప్పనలవి కాదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ హెంచ్ మంచం పట్టిన ఒక కీళ్ళవాతం రోగికి మొదటిసారి ఈ జాతి మందు ఇస్తే, ఆమె కొద్ది రోజుల్లోనే లేచి నడిచిందట. 1950లో ఆయనకూ మరిద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. కాబట్టి ఈ మందును తిట్టడానికి నేనిక్కడికి రాలేదు. అది లేకపోతే ఈ చేతులు ఇలా జోడించి మీకు నమస్కారం పెట్టేవి కావు.

అయితే అది ఊరికే పనిచేయదు. ఏడాది తిరిగేసరికి ముఖం గుండ్రంగా ఊరిపోయింది. "గురువుగారూ, పింఛను బాగా ఒంటబట్టింది!" అన్నారు ట్రెజరీ దగ్గర మిత్రులు. నవ్వి ఊరుకున్నాను. చేతుల మీద చర్మం ఉల్లిపొరలాగా అయి, తలుపు రాసుకున్నా నల్లగా కమిలేది. తొడల్లో బలం తగ్గి, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులా ఆనుకోవలసి వచ్చేది. రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి. అవి వయసువల్లా రావచ్చు, మందు తొందర చేసిందన్నారు డాక్టరుగారు.

2016లో నీళ్ళ బకెట్టు ఎత్తబోతే నడుములో కలుక్కుమంది. పట్టేసిందనుకుని ఇంట్లో జండూబామ్ రాశారు. ఎక్స్‌రే తీస్తే వెన్నుపూస ఒకటి అణిగిపోయి ఉంది. స్టెరాయిడ్ ఎముకను లోపల నుంచి గుల్ల చేస్తుంది, అదీ మొదటి కొద్ది నెలల్లోనే ఎక్కువగా. కాబట్టి మూడు నెలలకు మించి ఈ మాత్ర వాడవలసిన వారు ఎముకల సాంద్రత పరీక్ష గురించీ, కాల్షియం, విటమిన్ డి గురించీ మొదట్లోనే డాక్టరును అడగండి. నాకు వారానికొక ఎముకల మాత్ర ఇచ్చారు. పరగడుపున గ్లాసెడు నీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకూడదు. అది వేసుకునేవారు పన్ను పీకించుకునే ముందు పళ్ళ డాక్టరుకు ఆ సంగతి చెప్పి తీరాలి.

షుగరు సంగతి విచిత్రం. పరగడుపు పరీక్షలో 102 వచ్చేది, అంతా సంతోషించేవాళ్ళం. ఒకనాడు సాయంత్రం నాలుగింటికి చూస్తే 268! ఉదయం వేసుకున్న స్టెరాయిడ్ ప్రభావం మధ్యాహ్నం నుంచి కనిపిస్తుందట. పొద్దుటి రిపోర్టు ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకండి.

ఇంట్లోవాళ్ళు పడ్డ బాధ వేరు. నిద్ర పట్టేది కాదు. కూరలో ఉప్పు తగ్గిందని కంచం తోసేసిన రోజులున్నాయి. మా ఆవిడ ఒక్క మాట అనకుండా డాక్టరుగారిని అడిగింది, "ఈయన మనిషి ఇలా మారిపోయాడేమిటండీ?" అని. ఆ మందు మనసు మీద కూడా పనిచేస్తుందనీ, పూర్తి మోతాదు ఉదయం ఫలహారం తర్వాతే వేసుకోవాలనీ ఆయన చెప్పారు. అప్పటి నుంచీ కొంత నయం. పెన్షనర్ల భార్యలు, పిల్లలు ఇక్కడున్నారు గనుక ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

అన్నిటికంటె పెద్ద గండం 2019లో. కంటి ఆపరేషనుకు ముందు వేరే చోట ఒక డాక్టరు, "షుగరు దీనివల్లే, రేపటి నుంచి మానేయండి" అన్నారు. మానేశాను. మూడో రోజు వాంతులు, కళ్ళు తిరగడం, లేచి నిలబడితే పడిపోవడం. బి.పి. 80కి దిగింది. ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరమ్మ "ఏం మందులు వాడతారు?" అనగానే మా ఆవిడ నా నోటుబుక్కు ఆమె చేతిలో పెట్టింది. చూస్తూనే హైడ్రోకార్టిసోన్ ఇంజక్షన్, సెలైను ఎక్కించారు. సాయంత్రానికి లేచి కూర్చున్నాను.

కారణం తర్వాత తెలిసింది. మూత్రపిండాల పైన ఎడ్రినల్ గ్రంథులని రెండుంటాయి. ఈ పదార్థాన్ని అవే తయారుచేస్తాయి. బయటి నుంచి రోజూ వస్తుంటే అవి పని మానేస్తాయి. డెప్యుటేషన్ మీద వచ్చినవాడు పనంతా చేస్తుంటే సెక్షన్ గుమాస్తా కునుకు తీసినట్లు! డెప్యుటేషన్ వాణ్ణి ఒక్కరోజులో పంపేస్తే సెక్షన్ నడవదు. నిద్రపోయినవాణ్ణి మెల్లగా లేపాలి. అందుకే నా మోతాదును 7.5 మిల్లీగ్రాముల నుంచి నెలల తరబడి తగ్గించుకుంటూ వచ్చారు. తోడుగా మెథోట్రెక్సేట్ ఉంది. అది వారానికి ఒక్కసారే వేసుకునే మందు, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మా క్యాలెండరులో ఆదివారాలకు ఎర్రసున్నాలుంటాయి, దానికోసమే. ప్రస్తుతం నేను 5 మిల్లీగ్రాముల మాత్రలో సగం వేసుకుంటున్నాను. పూర్తిగా మానగలనో లేదో చెప్పలేమన్నారు.

ఆ నోటుబుక్కు మామూలు స్టాకు రిజిస్టరే. తేదీ, మాత్ర, మోతాదు, షుగరు, బి.పి., అంతే. జేబులో ఒక కార్డు కూడా పెట్టుకుంటాను: "దీర్ఘకాలంగా స్టెరాయిడ్ వాడుతున్నాను, హఠాత్తుగా ఆపరాదు." జ్వరమొచ్చినా, ఆపరేషనైనా మోతాదు పెంచాలేమోనని ముందే అడిగి రాయించుకున్నాను. మాత్ర కడుపులో నిలవకుండా వాంతి అయితే ఇంటి దగ్గర ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంకొక్క సంగతి. నొప్పులకూ ఆయాసానికీ పేరులేని పొడులు, మాత్రలు పొట్లాలు కట్టి అమ్మేవారున్నారు. అలాంటి కొన్నిటిలో స్టెరాయిడ్ కలిపినట్లు పరీక్షల్లో బయటపడింది. రెండు రోజుల్లో అద్భుతంగా తగ్గిందంటే నాకు అనుమానమే. మీలో ఎవరైనా అలాంటి పొట్లాలు నెలల తరబడి వాడుతుంటే, ఈ ప్రసంగం విని రేపే మానేయకండి. పొట్లంతో సహా డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

నోటుబుక్కు తెచ్చాను. గళ్ళు ఎలా గీసుకోవాలో చూడదలచినవారు భోజనాల దగ్గర కలవండి. సెలవు.