పాలారు ఒడ్డున కండి రాజు

క్యాసంబళ్ళి పేరు వినబడితే చాలు, తల తిప్పి చూసే మనుషులు నిండిన సభ ఇది. మైసూరు తొలి ముఖ్యమంత్రి చెంగలరాయరెడ్డిని కన్న ఊరని ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది మన పాలారుకు దిగువన నిద్రపోతున్న రాజు సంగతి.

పోయిన వేసవిలో ఈ వక్త కుటుంబం వేలూరుకు బయల్దేరింది. సెలవులకు వచ్చిన మనవడికి ముందు బేతమంగల చెరువు చూపించాలని తాత పట్టుదల. కట్ట ఎక్కారు. గాలికి పిల్లవాడి టోపీ ఎగిరింది. దాన్ని పట్టుకొచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సులో వి.కోట, అక్కడ టీ, బొరుగులు, గంట ఎదురుచూపు. మళ్ళీ పేర్ణంబట్టు, గుడియాత్తం. దారి పొడుగునా బోర్డుల మీద మూడు లిపులు. టిక్కెట్టు కొట్టిన ముగ్గురూ తెలుగులోనే పలకరించారు. పొద్దు వాలే వేళకు వేలూరులో, అదే పాలారు ఒడ్డున, ముత్తు మండపం దగ్గర దిగారు. రాజు సమాధి ముందు నిలబడి పిల్లవాడు అడిగాడు: “తాతా, ఈయన మనవాడా?”

మనవాడే. శ్రీ విక్రమ రాజసింహుడు, పుట్టుపేరు కన్నసామి, శ్రీలంకలో కండి రాజ్యపు ఆఖరి రాజు. 1739లో కండి రాజు వీర నరేంద్రసింహుడు వారసుడు లేకుండా పోతే, మదుర నాయకుల ఇంటినుంచి వచ్చిన రాణి తోడబుట్టినవాడు గద్దెనెక్కాడు. అలా తెలుగు మూలాల రాజులు నలుగురు 1815 దాకా ఏలారు. వారిలో కీర్తి శ్రీ 1753లో సయాం నుంచి భిక్షువులను రప్పించి బౌద్ధ దీక్షను మళ్ళీ నిలబెట్టాడు. రాజాధి రాజసింహుడు సింహళంలో కావ్యం రాశాడు. ఇంగ్లీషువారు విక్రముణ్ణి పట్టుకుని, 1816లో రాణులతో సహా ఇటు పంపేశారు. 1832 జనవరి 30న వేలూరులోనే కన్నుమూశాడు. ఇంగ్లీషువారు పట్టుకుపోయిన సింహాసనం 1934లో లంకకు తిరిగి చేరింది. ఆయన కుటుంబం వేలూరులోనే ఉండిపోయింది.

ఆ కండి కొలువులో నడిచింది తమిళం, సింహళం. తెలుగు వంశం పేరుకే మిగిలింది. అదే లంకలో పాములాడించి, చెయ్యి చూసి బతికే అహికుంటకులు గుడారాల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడుతూ వచ్చారు. అనురాధపురం జిల్లా కుడాగమలో నేటికీ ఆ మాట వినబడుతుంది. కోటలో నిలవనిది గుడారంలో నిలిచింది!

ఈ సభలోని తల్లిదండ్రులు పిల్లల్ని గొప్పగా చదివించారు, చేతులెత్తి మొక్కాలి. కానీ ఊరినుంచి అవ్వ ఫోన్ చేస్తే ఒక్క ముక్క పలికి అమ్మ చేతిలో పెట్టేసే పిల్లలు ఎంతమంది? ఇది బాగాలేదు. ఆదివారం అరగంట అవ్వతో తెలుగే మాట్లాడించాలి. వంశవృక్షం పిల్లల చేతనే తెలుగులో రాయించాలి. ప్రతి పేరు పక్కన ఊరు, చేను, బావి రాయించాలి. ఆ బావిగట్టు, సాయంత్రం రాగిసంగటి ఉడికే వాసన, “తిన్యావా నాయనా” అని అడిగే గొంతు... వాటిని ఏ గడిలో రాయించాలో ఈ వక్తకూ తెలియదు. అయినా రాయించండి.

ఈసారి ఊరికి వచ్చినప్పుడు పిల్లల్ని వేలూరు తీసుకెళ్ళండి. వెళ్తూ వెళ్తూ బేతమంగల కట్ట మీద కాసేపు బండి ఆపండి.