పాత ఇంటిని పడగొట్టకముందు
(సంఘస్థుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



పాత ఇండ్ల మరమ్మతును గూర్చి నాలుగు మాటలు చెప్పమని మమ్మును అడిగారు. మేము ఇంజనీర్లము కాము. ఆత్మకూరుకు, ఉదయగిరికి నడుమనున్న ఒక మెట్ట పల్లెలో మా తాతగారు కట్టిన మిద్దె ఇల్లు ఒకటి ఉన్నది. దానిని మా నాలుగు కుటుంబముల వారము కలిసి బాగుచేసికొన్నాము. ఆ పనిలో నేర్చుకొన్నది, తెలిసినవారిని అడిగి తెలిసికొన్నది మీ ముందు పెట్టుచున్నాము.

మన ప్రాంతములో ఇది చిన్న విషయము కాదు. మెట్ట సేద్యమును నమ్ముకొని బ్రదకలేక మన పిల్లలు నెల్లూరికి, చెన్నైకి, గల్ఫు దేశములకు పోయారు. ఊళ్లలో ముసలివారు, పాత ఇండ్లు మిగిలిపోయినవి. ఇల్లు కారడం మొదలైతే ఆ ముసలివారు ఎక్కడ తల దాచుకోవాలి? ఇల్లు పడగొడితే వారసులకు పాలు పంచుకొనే స్థలము మిగులుతుంది గాని, అందరూ కలిసికొనే చోటు మిగలదు.

మా ఇంటిలో మా పెద్దమ్మ ఒక్కతే ఉండేది. 2021 నవంబరులో సోమశిల నిండి పెన్న పొంగిన ఆ వానలకు మా వెనుక గది మిద్దె కుంగింది. చూడవచ్చిన కంట్రాక్టరు అరగంటలో తేల్చి చెప్పాడు, పడగొట్టి స్లాబు వేసుకోండి అని. మాలో సగము మంది అందుకే మొగ్గాము. పెద్దమ్మ మాత్రం, "నేనుండగా ఈ గోడకు గడ్డపార తగలగూడదు నాయనా. నేను పోయింతర్వాత మీ ఇష్టం" అన్నది. ఆమె మాట తీసివేయలేక, సున్నపు పని తెలిసిన ఒక ముసలి బేల్దారి మేస్త్రిని పిలిపించాము. ఆయన రెండు రోజులు గోడలు తట్టి, దూలాలు పొడిచి చూచి, "గోడలు గట్టిగానే ఉన్నాయయ్యా. నీళ్లకు దారి దొరికింది, అంతే. ముందు ఆ దారి మూయండి" అన్నాడు.

మనము చదువుకొనే లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటి గోడకు పొడ పుట్టినప్పుడు చేయవలసిన విధి ఉన్నది. యాజకుడు చూచిన వెంటనే ఇల్లు పడగొట్టించడు. ఏడు దినములు మూసి ఉంచి మరల చూస్తాడు. చెడిన రాళ్లను మాత్రమే ఊడదీయించి, గోడలు గీకించి, వేరే రాళ్లు పెట్టించి, కొత్త అడుసుతో పూయిస్తాడు. అప్పటికిని పొడ తిరిగివస్తేనే పడగొట్టడం. ముందు పరీక్ష, తరువాత మరమ్మతు, చిట్టచివరకు గడ్డపార. మేమును ఆ వరుసనే పట్టుకొన్నాము.

పాత ఇల్లు దేనితో కట్టినదో మొదట తెలిసికోవాలి. పోర్ట్‌లాండు సిమెంటుకు ఇంగ్లండులో 1824లో పేటెంటు పుట్టినా, మన దేశములో దాని తయారీ నిలదొక్కుకొన్నది 1914లో పోరుబందరులో. అది మన పల్లెలకు చేరేసరికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. గనుక మన తాతల ఇండ్లు, 19వ శతాబ్దము చివర అమెరికను బాప్తిస్టు మిషనువారు ఉదయగిరిలోను, ఆత్మకూరులోను పని మొదలుపెట్టిన నాటి పాత కట్టుబడి, సాధారణంగా సున్నముతోనో మట్టితోనో జరిగినదే.

సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లలో విరిసేటట్లు చేసి, ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో నూరేవారు. అట్టి సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకొని మరల రాయిగా మారుతుంది. ఆ గోడ నేలనుండి చెమ్మను తీసికొన్నా, ఎండకు దానిని వదిలివేస్తుంది. అటువంటి గోడకు సిమెంటు పూత పూస్తే చెమ్మ బయటికి రాలేక లోపలనే నిలుస్తుంది. నీటితో వచ్చిన ఉప్పు ఇటుకను తినివేస్తుంది. రెండు మూడు ఏండ్లకు పూత పెచ్చులుగా రాలుతుంది. మనము ఇల్లు పాతదై పోయిందంటాము గాని, చాల ఇండ్లలో గోడను చెరిచినది ఆ కొత్త పూతయే.

ఇక మేము చేసిన పని వరుస చెప్పుచున్నాము.

మొదటిది మిద్దె. కారినప్పుడెల్ల ఎవరో ఒకరు పైన ఒక పొర మట్టియో సిమెంటో వేస్తూ వచ్చారు. ఆ బరువుకే దూలము వంగింది. ముందు దూలము క్రింద ముట్లు పెట్టి, ఆ పొరలన్నీ జాగ్రత్తగా దింపించాము. తరువాత ఇటుక ముక్కలు, సున్నము కలిపి పరచి, కరక్కాయ, బెల్లము నానిన నీళ్లు చల్లుతూ చెక్క దిమ్మిసలతో దినములకొలది కొట్టించాము. ఆ పని ఆడకూలీలు వరుసగా కూర్చుండి చేసినది. నీరు నిలువకుండ తూము వైపు వాటము తీసినాము.

రెండవది పునాది దగ్గర. వీధిలో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోగా వీధి ఎత్తు పెరిగి మా అరుగు పల్లమైపోయింది. వాన నీరంతా గోడ మొదట్లో నిలిచేది. గోడ వెంబడి పేరుకొన్న మట్టిని తవ్వి తీసి, నీరు దూరముగా పోయేటట్లు కాలువ కట్టించాము. ఈ రెండు పనులు అయిన తరువాత ఒక వానకాలము ఊరకుండి చూచినాము. గోడలు ఆరినవి.

మూడవది గోడలు. సిమెంటు పూత అంతా గీకించి, సున్నమును చాల దినములు నీటిలో నానవేసి, ఇసుకతో కలిపించి పూయించాము. ఇప్పుడు మన వైపు గానుగ తిప్పేవారు అరుదు, కాలితో తొక్కి, రోలులో దంచి నూరవలసి వచ్చింది. మన ఎండలకు సున్నము తొందరగా ఆరితే గట్టిపడదు. అందుచేత సంక్రాంతి తరువాత మొదలుపెట్టి, తడి గోనె పట్టాలు కట్టి, ఎండలు ముదరకముందే ముగించాము.

నాలుగవది కలప. దూలము సాధారణంగా గోడలో దూరిన కొన దగ్గర చెడుతుంది. చెమ్మ అక్కడే, చెదలు అక్కడే. సుత్తితో తట్టితే డొల్ల చప్పుడు వస్తుంది. చెడిన కొన మేరకు కోసి, కొత్త కలప అతికి, బోల్టులు బిగించాము. పాత తలుపులను చిత్రిక పట్టించి మరల బిగించాము. చెక్క గరిటెలకు పేరుపొందిన ఉదయగిరి సీమలో కలప విలువ ఎవరికి చెప్పనక్కరలేదు గదా!

అన్ని ఇండ్లను నిలబెట్టవచ్చునని మేము చెప్పడము లేదు. గోడ ఒక ప్రక్కకు ఒరిగినా, పునాది దిగబడినా, బీట ఏటేట వెడల్పు అవుతున్నా, తెలిసిన ఇంజనీరుకు చూపించి ఆయన చెప్పినట్లు చేయవలెను. ప్రాణముకంటె ఇల్లు గొప్పది కాదు. ఖర్చు కూడ తక్కువ కాలేదు. సామగ్రికి తక్కువైనది, కూలికి ఎక్కువైనది. అయితే ఆ కూలి మన ఊరివారి చేతికే పోయినది. ఆ ముసలి మేస్త్రి దగ్గర ఇద్దరు పడుచువారు పని నేర్చుకొన్నారు.

మన కన్నుల ఎదుటనే ఉదయగిరి దుర్గము ఉన్నది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి మించి ముట్టడించి గజపతుల నుండి దానిని పట్టుకొన్నాడు. ఫిరంగులకు, ముట్టడులకు ఓర్చి నిలిచే కట్టడములు పక్షులు వేసిన రావి విత్తనానికి కూలిపోతవి. వేరు సందులో దూరుతుంది, వెనుకనే నీరు దూరుతుంది. చూచేవారు లేని కట్టడము గతి అంతే. మీ ఇంటి గోడమీద మొలిచిన రావిమొక్కను వ్రేలెడున్నప్పుడే పెరికివేయండి. అది మానైన తరువాత గోడను పగులగొట్టక తీయలేరు.

మా పెద్దమ్మ ఇప్పుడు ఆ వెనుక గదిలోనే పడుకొంటున్నది. క్రిస్మసుకు నాలుగు కుటుంబముల వారము అక్కడికే పోవుచున్నాము. పాలు పంచుకొనే మాట ఇంకను తెగలేదు, తెగవలసినదే. కాని ఆ మాట ఇప్పుడు మేము ఆ కప్పు క్రిందనే కూర్చుండి మాటాడుకొంటున్నాము.

ప్రియులారా, మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలలలో వస్తవి. సెప్టెంబరులోనే ఒక సాయంకాలము మిద్దె ఎక్కి తూము శుభ్రము చేయించండి. గోడ మొదలు చూచుకోండి. ఒంటరిగా ఉన్న ముసలివారి ఇండ్లకు మన యువజనులు ఈ సాయము చేస్తే చాల ఇండ్లు నిలుస్తవి.