అగ్నిహోత్రావధాన్ల వేషము - మా ఒద్దికల ముచ్చట
(గ్రామ నాటక సమాజముల సభ్యుల యెదుట గావించిన ప్రసంగ పాఠము)



మీలో పెక్కురు ఊరూర నాటకములాడువారు. వేషమునకు కొత్తవారు కారు. ఒక ప్రసిద్ధ నాటకమును నేర్చి, అసలు ప్రదర్శనకు ముందు కొలదిమంది యెదుట ఆడి చూచుకొనుటలో మాకు జరిగిన సంగతి మీకు చెప్పవలెనని వచ్చితిమి.

మే మెన్నుకొన్నది గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము. ఇది 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడెను. 1897లో అచ్చయ్యెను. 1909లో అప్పారావుగారు దానిని చాల మార్చి, పెంచి మరల ప్రకటించిరి. నేడు మనము చదువునది ఈ రెండవ కూర్పే. ఏడంకముల ఈ నాటకమును ఉన్నదున్నట్లు ఆడినచో చాల సేపు పట్టును. అందుచేత మొదటి పది దినములును మాకు నటన కాదు, కత్తెర పనియే సరిపోయినది. ఎవని మాటలు వానికి ముద్దు. గిరీశము వేయు మిత్రుడు ఒక్క వాక్యము తీసివేసినను అలిగెడివాడు. మాకును అదే జబ్బు; చెప్పుకొనుటకు సిగ్గేమి?

తరువాత యాస తగవు వచ్చెను. మాలో సగముమంది కృష్ణాతీరమువారు. విజయనగరపు పలుకుబడి మా నోట వెక్కిరింతవలె వినబడెను. ఆ ప్రాంతపు ఉపాధ్యాయులొకరు నాలుగు దినములు ఓపికతో విని, యాసను అతికించుకొనవద్దనియు, మాట నడకను మాత్రము పట్టుకొనుమనియు చెప్పిరి. అది మేలైనది. (ఇంట మాటలాడు తెలుగును రంగమున కెక్కించిన నాటకమును గూర్చి మేమిట్లు గ్రాంథికమున ప్రసంగించుట వినిన అప్పారావుగారు నవ్వుకొందురు కాబోలు.)

మా వంతున వచ్చినది అగ్నిహోత్రావధాన్ల వేషము. ఆయన కృష్ణరాయపురపు ముక్కోపి. పెద్దకూతురు బుచ్చమ్మ పసితనమున వితంతువైనను బుద్ధి తెచ్చుకొనక, చిన్నపిల్ల సుబ్బిని డబ్బునకు లుబ్ధావధాన్లను వృద్ధునికి కట్టబెట్ట జూచును. ఒద్దికలలో మేము గర్జించినకొలది తోటివారు పొట్ట చెక్కలగునట్లు నవ్విరి. వారు నవ్వినకొలది మేము మరింత గర్జించితిమి. కాలు నేలకు తన్నితిమి, ఉత్తరీయము విసిరితిమి. దర్శకులు మాత్రము ఏమియు అనక చూచుచుండిరి.

ప్రదర్శనకు పది దినములు ముందు పొరుగూరి పాఠశాల ఆవరణమున, తెరలు లేకయే, వేషములతో సుమారు నూరుమంది యెదుట ఆడితిమి. నవ్వులకు కొదువ లేదు. ఈ సంబంధము మాన్పింపలేక ఇల్లాలు వెంకమ్మ నూతిలో పడు ఘట్టము వచ్చెను. లోపలినుండి ఆ కేక వినబడునప్పటికి జనము ఇంకను మా గంతులకు నవ్వుచునే యున్నారు. కేక ఆ నవ్వులో కలిసిపోయినది. అదియు ఒక హాస్యమే యనుకొనిరి. మేము మాత్రము చప్పట్లకు పొంగిపోతిమి.

ఆట ముగిసిన పిదప ఒక వృద్ధురాలు మా యొద్దకు వచ్చి, "మా నాయనమ్మ ఆ బుచ్చమ్మలాంటిదే బాబూ. ఏడో ఏట పెళ్ళి, తొమ్మిదో ఏట బొట్టు పోయింది. వాళ్ళ నాన్న మాత్రం ఎన్నడూ కేకలేసేవాడు కాదుట. చాలా నెమ్మదిగా మాట్లాడేవాడుట" అని చెప్పి వెడలిపోయెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరునాడు దర్శకులు మొదటి కూర్పునకు అప్పారావుగారు వ్రాసిన ఇంగ్లీషు పీఠికను మా చేతికిచ్చిరి. విజయనగరపు మహారాజుగారు విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో జరిగిన శుల్క వివాహముల పట్టిక వ్రాయించిరట. దాచినవి దాచగా లెక్కకు వచ్చినవే 1034. వారిలో అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది బిడ్డలు ముగ్గురు. ఆ ఏడాది బిడ్డల వెల 350 మొదలు 400 రూపాయలు. ఇన్ని వివాహములు కేకలతో జరిగియుండవు. తాంబూలము వేసికొనుచు, నెమ్మదిగా బేరమాడియే జరిగియుండును.

అంతట వేషమును మొదటినుండి మరల పట్టితిమి. కోపము అవధాన్లకు ఉండవలసినదే, అది నాటకములోనే కలదు. కాని డబ్బు మాట వచ్చినప్పుడు గొంతు తగ్గించి, వ్రేళ్ళు మడచి లెక్కించుకొనునట్లు చేసితిమి. మొదటి రెండు దినములు రంగము చప్పగా నుండెను, ఒక్కరును నవ్వలేదు. కరటకశాస్త్రి వేయు మిత్రుడు, "మీరు ఆగినచోట నేనేమి చేయుదును?" అని విసుగుకొనెను. మూడవనాడు ఆయనయే ఒక ఉపాయము చెప్పెను. బావమరది బతిమాలుచుండగా అవధాన్లు వినక ముఖము త్రిప్పుకొని లెక్క ముగించును; అప్పుడు లోపలినుండి కేక. దానికి ముందు మూడు క్షణములు ఎవరును కదలరాదు. నటునికి ఆ మూడు క్షణములు మూడు ఝాములు.

ప్రదర్శననాడు మొదట నవ్విరి. మేము వ్రేళ్ళు మడచుచుండగా నవ్వు సన్నగిల్లెను. కేక స్పష్టముగా వినబడెను. ముందు వరుసలో ఎవరో లేచి నిలుచుండిరి, నిజముగనే నూతి వైపునకు పోవువారివలె.

ఆ వృద్ధురాలును వచ్చినది. మాతో ఏమియు అనలేదు. బుచ్చమ్మ వేషము వేసిన అమ్మాయిని దగ్గరకు పిలిచి, అన్నము తిన్నావా అని అడిగినది.