ఇంటివాణ్నే దొంగనుకుంటే

వానాకాలం మన గజపతినగరంలో ప్లేట్‌లెట్లు పడిపోయాయనగానే అందరికీ గుర్తొచ్చేది డెంగీయే. జ్వరం ఊసే లేకుండా కూడా అవి పడిపోవచ్చు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి నెత్తురు, కాళ్ల మీద ఆవగింజంతేసి ఎర్రచుక్కలు, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు... ఇవి ఐటీపీ అనే జబ్బు గుర్తులు కావచ్చు.

మైక్రోలీటరు రక్తంలో ప్లేట్‌లెట్లు 1,50,000 నుంచి 4,50,000 దాకా ఉండాలి. ఒక్కోటీ 8 నుంచి 10 రోజులు బతుకుతుంది. ఐటీపీలో, క్రిములను పట్టివ్వాల్సిన యాంటీబాడీలు పొరపాటున వీటికే అంటుకుంటాయి. దాంతో ప్లీహంలోని కాపలా కణాలు శత్రువులనుకుని వీటిని మింగేస్తాయి. ఎముక మూలుగలో కొత్తవాటి తయారీ కూడా మందగిస్తుంది.

1950లో అమెరికా వైద్యుడు విలియం హారింగ్టన్ ఇలాంటి రోగి రక్తాన్ని తానే ఎక్కించుకున్నాడు. గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్లు అడుగంటాయి. తప్పు రోగి రక్తంలోని ఏదో పదార్థానిదేనని అలా తేలింది.

పిల్లల్లో చాలామందికి ఈ జబ్బు దానంతటదే తగ్గుతుంది. పెద్దలకు సాధారణంగా స్టెరాయిడ్లతో చికిత్స మొదలుపెడతారు. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని బొప్పాయాకు పసరును నమ్ముకుని కూర్చోకండి. ఆస్పిరిన్, నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకండి. ఎర్రచుక్కలు కనబడితే వెంటనే డాక్టరుకు చూపించి, రక్తపరీక్ష చేయించుకోండి.